ఏ చెట్టు మీదా లేని సీతాకోకచిలుక

"ఇది ఏ సీతాకోకచిలుకండీ?"

కొత్తగా వచ్చిన సైన్సు టీచరు ఈ మాట అడిగేదాకా, మా ఇంట్లో ముప్పై అయిదేళ్ళుగా ఎవరికీ ఆ సందేహమే రాలేదు. సీతాకోకచిలుకంటే సీతాకోకచిలుక. అందులో మళ్ళీ ఏదని అడిగేదేముంది? కాకిని చూపించి ఇది ఏ కాకి అని అడుగుతామా?

వేసవి సెలవులిచ్చిన మర్నాడు ఆవిడ చుట్ట చుట్టిన చార్టు చంకన పెట్టుకుని వచ్చి, మా పనిబల్ల మీద పరిచింది. మేం గీసిందే. గుడ్డు, గొంగళిపురుగు, గూడు, సీతాకోకచిలుక. నాలుగు బొమ్మలు, వాటి మధ్య గుండ్రంగా తిరిగే బాణాలు.

"పిల్లలు అడిగారండీ," అంది ఆవిడ మర్యాదగానే. "మా తరగతిలో ఇది నీలంగా ఉంది. పక్క తరగతిలో ఎర్రగా ఉంది. పైతరగతిలో ఆకుపచ్చ. మూడూ ఒకటేనా, వేరువేరా అని. నాకూ తెలీలేదు. దొరికిన పుస్తకమల్లా తిరగేశాను. ఇలాంటిది ఎక్కడా లేదు."

నాన్న నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను. బడులకి చార్టులు గీయడం మా ఇంటి పని. గీత నాన్నది, రంగులూ అక్షరాలూ నావి. ఆ రెక్కలకి ఏ రోజు గిన్నెలో ఏ రంగు మిగిలితే ఆ రంగు వేసేదాన్ని. పారబోయడానికి చేతులు రావద్దూ!

"రంగు సంగతి అలా ఉంచండి," అంది టీచరు. "ఈ బొచ్చుపురుగూ, ఈ దారాల గూడూ అసలు సీతాకోకచిలుకవి కావేమోనని నా అనుమానం."

"అనుమానమా, చూశారా?" అన్నాడు నాన్న.

"చదివానండీ. కళ్ళారా చూడలేదు."

"నేనూ చూడలేదు. మా గురువుగారు చూశారు, గీశారు. ఆయన గీసినదాంట్లో నేను ఒక్క గీత మార్చలేదు, మార్చను."

ఆవిడ చార్టు చుట్టలేదు. బల్ల మీదే వదిలేసి లేచింది. "ఈ ఏడు అన్నీ ప్రింటువే తెప్పిద్దామంటున్నారు మా హెడ్‌మాస్టరు. చేత్తో గీసినవే ఉండాలని నేను పట్టుబట్టాను. తప్పున్నదాన్ని ఎలా వెనకేసుకు రానండీ? బడి తెరిచే రోజుకి సరైనది ఇవ్వండి, చాలు."

ఆ బడి ఒక్కటే మాకు మిగిలింది. తక్కినవన్నీ ఎప్పుడో ప్రింటుకి మారిపోయాయి. అదీ పోతే నాన్న కుంచెకి పని లేదు. కుంచెకి పని లేకపోతే నాన్న ఏమైపోతాడో అమ్మకీ నాకూ తెలుసు. కిందటేడు జ్వరంతో పది రోజులు కుంచె పట్టకపోతేనే, గోడకున్న పగుళ్ళు లెక్కపెడుతూ పడుకున్న మనిషి.

ఆవిడ వెళ్ళగానే నాన్న కుంచెలన్నీ కడిగి, తుడిచి, రేకుడబ్బాలో పెట్టి మూత బిగించాడు.

మా పని ఎలా సాగుతుందో చెప్పకపోతే ఈ గొడవ మీకు అర్థం కాదు. ప్రతి బొమ్మకీ ఒక మూలకాగితం ఉంటుంది. గీతల వెంబడి దగ్గరదగ్గరగా సూదితో చిల్లులు పొడిచి ఉంటాయి. దాన్ని కొత్త గుడ్డ మీద పరిచి, పల్చటి బట్టలో మూటకట్టిన బొగ్గుపొడితో తడితే, చిల్లుల్లోంచి పొడి దిగి కింద చుక్కలు పడతాయి. ఆ చుక్కల్ని కుంచెతో కలుపుకుంటూ పోవడమే. మూలకాగితాలన్నీ గురువుగారివి. ఆయన పోయిన ఏడే నేను పుట్టాను. ఆ కాగితాలు నాన్న తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదు. నాకు ఇరవై తొమ్మిదేళ్ళొచ్చినా బొగ్గుమూట నా చేతికి ఇవ్వలేదు.

వారం రోజులు నాన్న వసారాలో కుర్చీ వేసుకుని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే ఇంట్లో చెల్లుతుందండీ," అంది అమ్మ. "చార్టులో గీసినప్పుడు నాలుగూ కనబడాలి."

"నువ్వూ మొదలెట్టావా?" అన్నాడు నాన్న.

నాకు ఒళ్ళు మండింది. సరే, చూడలేదన్నారుగా ఇద్దరూ, నేను చూస్తాను అనుకున్నాను. అనుకోవడం తేలికే. ఎక్కడ చూడాలి? సీతాకోకచిలుకలు ఎప్పుడూ మా పెరట్లో తిరుగుతూనే ఉండేవి. ఏ రంగువి అని అడిగితే నోరు వెళ్ళబెట్టేదాన్ని. ఇరవై తొమ్మిదేళ్ళు ఏం చూశానో ఏమో!

రెండు రోజులు పెరటి మెట్టు మీద కూర్చున్నాను. మూడో రోజు ఒకటి దొరికింది. నల్లటి రెక్కల నిండా లేత పసుపు మచ్చలు. అమ్మ పెంచే నిమ్మచెట్టు చుట్టూ అది తిరిగే తీరు వింతగా ఉంది. పువ్వుల మీద వాలలేదు. లేత చిగురు మీద ఒక్క క్షణం ఆగి, పొట్ట చివర వంచి తాటించి, ఇంకో చిగురుకి పోయింది. అది వెళ్ళాక చూస్తే ఆకు మీద పసుప్పచ్చటి పూస, ఆవగింజలో సగం ఉంటుంది. అలాంటివి నాలుగు దొరికాయి. ఆ కొమ్మలకి ఎర్ర దారం ముడివేశాను.

దారం కట్టిన నాలుగో రోజు పొద్దున్న చూస్తే పూసల్లేవు. వాటి చోట చిన్న చిన్న పిట్టరెట్టలున్నాయి.

"అమ్మా, పిట్టలొచ్చి గుడ్లు తినేసి, పైగా రెట్ట కూడా వేసి పోయాయే!"

"నా చెట్టంటే వాటికి అంత ప్రేమ," అంది అమ్మ. "రోజూ తడిబట్టతో తుడుస్తూనే ఉంటాను. తెల్లారేసరికి మళ్ళీ వేస్తాయి. పోయినేడు వల కూడా కట్టాను కదా. వల లోపల కూడా వేశాయి దొంగముండలు!"

వల లోపల ఎలా వేశాయని అమ్మ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు, ఆ క్షణం వరకూ. వంగి చూశాను. మట్టిరంగు మీద తెల్లటి పట్టీ, తడిగా మెరుస్తోంది, అచ్చం రెట్టే. గడ్డిపరకతో తాకాను. రెట్ట తల ఎత్తింది.

కెవ్వున అరిచాను. అమ్మ చేతిలో తడిబట్టతో పరిగెత్తుకొచ్చింది. అది పాకడం చూసి బట్ట కింద పడేసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయితే ఇన్నాళ్ళూ నేను తుడిచిందీ..." అని ఆగిపోయింది. మర్నాటి నుంచి చెట్టుకి కాపలా తనదే.

పిట్టలు తినకుండా రెట్ట వేషం వేసుకుందన్న సంగతి నాకు తర్వాత తోచింది. రెట్టని ఎవరు తింటారు?

నాలుగింటినీ కొమ్మలతో సహా కోసి, నీళ్ళసీసాలో గుచ్చి, చెక్క చట్రానికి దోమతెర గుడ్డ బిగించిన పెట్టెలో పెట్టాను. ఆ పెట్టె ఎక్కడ పెట్టాననుకున్నారు? సరిగ్గా నాన్న కుర్చీ పక్కన.

"ఏమిటది?"

"నీకెందుకు? నువ్వు గురువుగారి బొమ్మ చూసుకో."

ఆయన మొహం తిప్పుకున్నాడు. కానీ పేపరు చదివే మనిషి గంటసేపు ఒకే పేజీ పట్టుకుని ఉంటే చూసేవాళ్ళకి తెలియదూ? ఒక పురుగు రెండో వారానికే కదలకుండా పడి చచ్చిపోయింది. మిగిలిన మూడూ చర్మాలు విడిచి విడిచి పెరిగాయి. విడిచిన చర్మాన్ని అవే తినేశాయి. ఒకరోజు పొద్దున్న నేను లేచేసరికి నాన్న పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఏమే, పిట్టరెట్టలు పోయాయి. ఎవరో ఆకుపచ్చ పురుగుల్ని తెచ్చి పెట్టారు."

"అవే నాన్నా. రాత్రికి రాత్రి చర్మం మార్చాయి."

"బొచ్చేదీ?" అన్నాడు. గొంతు చిన్నగా వచ్చింది.

"లేదు. మొదట్నించీ లేదు."

వేలుపెట్టి నిమిరాడు. పురుగు తల వెనకనుంచి చటుక్కున ఎర్రటి కొమ్ములు రెండు బయటికొచ్చాయి. నిమ్మాకులు నలిపి ముక్కులో కుక్కినంత ఘాటు వాసన. నాన్న వెనక్కి కూలబడ్డాడు. తర్వాత నవ్వాడు. ఇరవై రోజుల్లో అదే మొదటి నవ్వు.

నవ్వాడని నేను ఆశపడ్డాను. కాగితం, పెన్సిలూ తెచ్చి పక్కన పెట్టాను. ముట్టుకోలేదు. సరేనని నేనే గీయడం మొదలుపెట్టాను. గీత నాది కాదు కదా, చేయి తిరిగితేనా!

"అది పురుగా, బెండకాయా?" అన్నాడు వెనకనుంచి.

"అంత తెలిస్తే నువ్వే గీయి."

"నడుం దగ్గర లావు తగ్గించు. అక్కడ కాదు. ఇక్కడ." పెన్సిలు మాత్రం పట్టలేదు. గోటితో కాగితం మీద గీరి చూపించాడు. ఆ గోటిగీత ఎంత సరిగ్గా ఉందంటే నాకు ఏడుపొచ్చింది.

బడి తెరవడానికి పదహారు రోజులుందనగా పురుగులు తినడం మానేసి పిచ్చిపట్టినట్టు పెట్టెంతా తిరిగాయి. ఒకటి తెరగుడ్డకున్న సందులోంచి ఎటో పోయింది, ఎంత వెతికినా దొరకలేదు. మిగిలిన రెండిట్లో ఒకటి నిమ్మపుల్ల మీద ఆగింది, రెండోది చెక్క చట్రం మీద. తోక అతికించుకుని, నడుం చుట్టూ ఒక్కటంటే ఒక్క దారం కట్టుకుని, కరెంటు స్తంభమెక్కినవాడు తాడు మీద వెనక్కి వాలినట్టు వాలి ఉండిపోయాయి. మర్నాడు చర్మం వీపు మీద చిట్లి కిందికి జారింది. లోపల గట్టి తొడుగు. పచ్చటి పుల్ల మీదది పచ్చగా, చెక్క మీదది చెక్కరంగులో ఉన్నాయి.

"దీనికి రంగు ఎవరేశారే?" అన్నాడు నాన్న. "నీకన్నా నయం. గిన్నెలో మిగిలింది వేయలేదు."

"రంగు మాట సరే. దారాల గూడేదీ? నువ్వు ముప్పై అయిదేళ్ళుగా గీసిన గూడేదీ?" మూడు వారాల కోపం ఒక్కసారి బయటికొచ్చేసింది. "ఒక్క దారం కట్టుకుంది, అంతే. మీ గురువుగారు తప్పు గీశారు నాన్నా. ఒప్పుకో. పోయిన మనిషి ఏమీ అనుకోడు."

"ఆయన తప్పు గీయలేదు!"

అంత గట్టిగా నాన్న నామీద ఎప్పుడూ అరవలేదు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "అంత మాటెందుకే?" అంది.

నాకు పంతం పెరిగింది. పనిగదిలోకి వెళ్ళి మూలకాగితాలున్న రేకు గొట్టం తీశాను. పుట్టి బుద్ధెరిగి దాన్ని ముట్టడం అదే మొదటిసారి. ఆ కాగితం పట్టుకెళ్ళి బొచ్చుపురుగునీ ఉన్న పురుగునీ పక్కపక్కన పెట్టి చూపించాలనుకున్నాను. చిల్లులు కనబడాలంటే వెలుతురుకి పట్టాలి. కిటికీకి అడ్డంగా ఎత్తిపట్టాను.

గుడ్డు, బొచ్చుపురుగు, గూడు. నాలుగో బొమ్మ దగ్గర కాగితం మందంగా ఉంది. ఇంకో ముక్క పైన అతికించి ఉంది. పైముక్క చిల్లుల్లోంచి మా సీతాకోకచిలుక వెలుగుచుక్కలుగా కనబడుతోంది. అంచు ఒకచోట జిగురు ఊడి ఉంది. మెల్లగా ఎత్తాను. కింద ఇంకో బొమ్మ చిల్లులున్నాయి. లావుపాటి ఒళ్ళు, పొట్టి రెక్కలు, ఈకల్లాంటి మీసాలు. దీపం చుట్టూ తిరిగే చిమ్మట.

నాన్న ఎప్పుడొచ్చాడో, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చెప్పులు ఇంకా కాళ్ళకే ఉన్నాయి.

"కంబళిపురుగు," అన్నాడు. "ఆయన గీసింది కంబళిపురుగు జీవితం. గుడ్డు నించి చిమ్మట దాకా. అంతా సరిగ్గానే గీశారు."

నేను కాగితం దించలేదు.

"ఒక హెడ్‌మాస్టరు వచ్చాడు. ఆఖరి బొమ్మ వికారంగా ఉంది, పిల్లలు జడుసుకుంటారు అన్నాడు. గురువుగారు మంచంలో ఉన్నారప్పుడు. నాకు ఇరవయ్యేళ్ళు. రెక్కలున్నదేదో ఒకటి కదా అనుకున్నా. సీతాకోకచిలుకని ఊహించి గీసి, అతికించేశాను."

"ఆయన చూశారా?"

"చూశారు. అందంగా ఉందిరా అన్నారు." నాన్న కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "అంతే. మళ్ళీ ఆ చార్టు ఆయన ముట్టుకోలేదు. నన్నే గీసుకోమనేవారు."

కోపమంతా ఎటు పోయిందో పోయింది. ఇరవయ్యేళ్ళ కుర్రాడు ఎలా భరించాడా ఆ మాట అని జాలేసింది. అంతలోనే, ఇన్నేళ్ళూ నా దగ్గర బొగ్గుమూట ఎందుకు దాచాడో అర్థమై ఒళ్ళు మండింది. రెండూ ఒకేసారి. చివరికి కాగితం చుట్టి గొట్టంలో పెట్టి, "టీ తాగుతావా?" అన్నాను.

"తాగుతాను," అన్నాడు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు మా ఇంట్లో అందరి చూపూ ఆ రెండు తొడుగుల మీదే. బడి తెరవడానికి వారం ఉందనగా చెక్కరంగు తొడుగుకి సూదిమొనంత చిల్లు పడింది. ముగ్గురం పెట్టె ముందు మూగాం. అందులోంచి సీతాకోకచిలుక రాలేదు. చీమంతేసి కందిరీగలు, ఒకదాని వెనక ఒకటి, ముప్పైకి పైగా వచ్చాయి. ఎప్పుడు దూరి గుడ్లు పెట్టిందో వాటి తల్లి! లోపలున్నదాన్ని తినేసి పెరిగాయి.

"ఇదీ చార్టులో లేదు," అంది అమ్మ.

ఇక ఒక్కటే మిగిలింది. ఆరు రోజులుందనగా ఆ పచ్చతొడుగు కూడా నల్లబడటం మొదలైంది. కుళ్ళిపోయిందని నేను ఆశ వదులుకున్నాను. పారేద్దామా అంటే నాన్న ఒప్పుకోలేదు.

"నలుపు మధ్యలో పసుపు చుక్కలున్నాయి చూడు," అన్నాడు కళ్ళద్దాలు తొడుగుకి ఆనించి. "కుళ్ళు ఇంత పద్ధతిగా చుక్కలు పెట్టదు. రెక్కలే. లోపల్నించి కనబడుతున్నాయి."

ఆ మర్నాడు పొద్దున్నే నన్ను లేపాడు. తొడుగు చిట్లుతోంది. తల, కాళ్ళు, తర్వాత ఒళ్ళు. బయటికొచ్చినదాన్ని చూస్తే నవ్వొచ్చింది. ఇంతలావు పొట్ట, తడిసి ముడుచుకుపోయిన గుడ్డపీలికల్లాంటి రెక్కలు. పుల్ల పట్టుకుని వేలాడింది. చూస్తుండగానే పీలికలు సాగాయి, విప్పుకున్నాయి, మడతలు పోయాయి. నల్లటి రెక్కలు, లేత పసుపు మచ్చలు, కింది రెక్కల చివర ఇటుకరంగు చుక్క, దాని మీద నీలం గీర. రెక్కల చివర తోకల్లేవు.

గర్రుగర్రుమని చప్పుడైతే పక్కకి చూశాను. నాన్న ఒళ్ళో కాగితం, చేతిలో పెన్సిలు. ఎప్పుడు తెచ్చుకున్నాడో! ఆయన చూపు సీతాకోకచిలుక మీదుంది, కాగితం మీద లేదు. చేయి మాత్రం పోతూనే ఉంది.

"మచ్చ తెలుపా, పసుపా?" అన్నాడు తల తిప్పకుండా.

"పసుపు. మీగడలో చిటికెడు పసుపు కలిపినట్టు."

"రాసుకో. చుక్క?"

"ఇటుకరంగు."

"ఏ ఇటుక? పాతదా, కొత్తదా?"

"కొత్తది నాన్నా."

గంటన్నర తర్వాత అది రెక్కలు రెండుసార్లు విప్పి ముడిచి, తెర తీయగానే నిమ్మచెట్టు మీదుగా పోయింది. అమ్మ దాని వెనకే గోడదాకా వెళ్ళింది. నాన్న రేకుడబ్బా మూత తీశాడు. సీతాకోకచిలుకా, తొడుగూ ఆయన గీశాడు. గుడ్డూ, రెట్టపురుగూ, పచ్చపురుగూ నన్ను గీయమన్నాడు. బెండకాయలా వస్తే మళ్ళీ గీయించాడు, పదకొండుసార్లు. మూలకాగితం లేదు, బొగ్గుపొడి లేదు.

బొమ్మ చూపిస్తే, దాని పేరు టీచరు కనుక్కుంది. నిమ్మ సీతాకోకచిలుక అట. "ఇంతకన్నా మంచి పేరు దొరకలేదా?" అన్నాడు నాన్న, కానీ పేరంతా నాచేత పెద్ద అక్షరాలతో రాయించాడు.

బడి తెరిచిన రోజు చార్టు పంపిస్తే సరిపోయేది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని తనే బయల్దేరాడు. తరగతిలో పాత చార్టు ఉండిన మేకుకి కొత్తది ఆయనే తగిలించి, పిల్లలవైపు తిరిగాడు. నలభై మంది పిల్లలు.

"ఇన్నాళ్ళూ ఇక్కడున్న బొమ్మ నేను గీశాను," అన్నాడు. "అది తప్పు. అలాంటి సీతాకోకచిలుక ఏ చెట్టు మీదా లేదు. అందంగా ఉంటుందని కల్పించాను. ఇప్పుడు గీసింది మా పెరట్లో చూసి గీశాం, మా అమ్మాయీ నేనూ. మీరూ చూడండి. తేడా ఉంటే చెప్పండి."

టీచరు కళ్ళు గబగబా ఆర్పింది. ఆఖరి వరసలో ఒక పిల్ల చెయ్యెత్తింది.

"తాతగారూ, మరి ఆ కప్ప బొమ్మ కూడా మీదేనా?"

పక్కగోడ మీద కప్ప చార్టుంది. మాదే.

"నాదేనమ్మా."

"అందులో తోకకప్పకి ముందుకాళ్ళు ముందొచ్చాయి. మా ఇంటి దగ్గర గుంటలో వాటికి వెనక్కాళ్ళే ముందొచ్చాయి."

"నువ్వు చూశావా?"

"రోజూ చూస్తా."

నాన్న ఆ కప్ప వైపు చాలాసేపు చూశాడు. నాకు భయమేసింది. మళ్ళీ కుంచెలు కడిగి మూత బిగిస్తాడనుకున్నాను.

"ఆ గుంట ఎక్కడమ్మా?" అన్నాడు.

దారిలోనే ఉంది. మొదటి వానలకి నిండిన రోడ్డుపక్క గుంట. వద్దు నాన్నా, చొక్కా పాడవుతుంది అంటున్నా వినకుండా గట్టు మీద గొంతుక్కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, నీళ్ళలోకి వంగాడు. సైకిళ్ళ మీద పోయేవాళ్ళు ఏం పోగొట్టుకున్నాడో అని ఆగి చూశారు.

"వెనక్కాళ్ళేనే!" అన్నాడు. "ఆ పిల్ల చెప్పింది నిజం. వెనక్కాళ్ళే!" కిందపడేలా నవ్వుతున్నాడు.

చెయ్యి పట్టుకుని లేపాను. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద.

"ఏమే, మొత్తం ఎన్ని చార్టులున్నాయి మనకి?"

"నలభై రెండు."

"నలభై రెండా!" అన్నాడు నాన్న. బళ్ళకి సెలవులు పొడిగించారని విన్న పిల్లాడి మొహం అది. "అన్నీ చూడాలి. పద, పద."